చెక్కిళ్ల ఎరుపు: ఒక పలుచని పూత చరిత్ర

పరుగెత్తి వచ్చినపుడు గాని, సిగ్గుపడినపుడు గాని మనుష్యుని చెక్కిళ్లు ఎర్రబారును. చర్మము క్రింద నున్న సన్నని రక్తనాళములు విప్పారి, వాటిలో రక్తము హెచ్చుగ ప్రవహించుటయే దీనికి కారణము. ఈ ఎరుపునకు స్పష్టమైన అంచు లేదు. నడుమ గాఢముగ నుండి, చుట్టును క్రమముగ పలుచబడి, చర్మపు వర్ణములో లీనమగును. దీనిని పైపూతతో అనుకరించుటకు మానవుడు వేల సంవత్సరములుగ ప్రయత్నించుచున్నాడు. ఎర్రని పదార్థము దొరకుట అంత కష్టము కాలేదు. దానిని మరకవలె కనబడకుండ, పలుచగను సమముగను పరచుటయే కష్టమైనది. ఆ కష్టము తీరులోపల అనేకులు విషమును ముఖమునకు పూసికొనిరి.

ఎరుపు దొరకిన చోట్లు

ప్రాచీన ఈజిప్టు వాసులు జేగురుమన్నును మెత్తగ నూరి, కొవ్వులో కలిపి వాడిరి. జేగురునకు ఎరుపునిచ్చునది ఐరన్ ఆక్సైడు. ఇది ఎండకు వెలవెలబోదు, నీటికి కరగదు.

రెండవది కుసుమ పూవు. నేడు మన నల్లరేగడి భూములలో నూనెగింజలకై పండించు ఈ మొక్క పూరేకులలో రెండు రంగులు కలవు. పసుపురంగు నీటిలో కరగిపోవును. దానిని కడిగివేసిన పిమ్మట మిగులు ఎర్రని కార్తమిన్ క్షారద్రావణములో కరగును. ఆ ద్రావణమునకు పులుసు చేర్చినచో ఎరుపు మరల అడుగునకు దిగును. జపానులో 'బెని' అను పేర స్త్రీలు దీనిని పెదవులకు, చెక్కిళ్లకు వాడిరి. ఫ్రాన్సులో దీనిని టాల్కు పొడితో నూరి 'రూజ్' చేసిరి. ఫ్రెంచి భాషలో రూజ్ అనగా ఎరుపు.

మూడవది కొచినీలు. మెక్సికో, పెరూ దేశములలో నాగజెముడుపై బ్రతుకు చిన్న పురుగు ఇది. 16వ శతాబ్దమున స్పెయినువారు దీనిని ఐరోపాకు తెచ్చిరి. ఒక పౌను ఎండిన సరకునకు దాదాపు 70,000 ఆడపురుగులు కావలెను. వాటిలోని కార్మినిక్ ఆమ్లమును పటికతో కలిపినచో నీటిలో కరగని కార్మైను ఏర్పడును.

ఈ వ్యాపారపు లాభమును చూచి ఈస్టిండియా కంపెనీ కూడ ఆశపడెను. మద్రాసులో జేమ్స్ ఆండర్సన్ అను వైద్యుడు 18వ శతాబ్దపు చివరిభాగమున నాగజెముడు తోటను పెంచెను. 1795లో బ్రెజిలునుండి పురుగులు తేబడినవి. అవి అసలు కొచినీలు కావనియు, దాని దగ్గరి జాతివనియు పిమ్మట తేలెను. రంగు నాసిరకము. అయితే అవి నాగజెముడు రసమును పీల్చి మొక్కను చంపివేయుచుండెను. అందుచే 1836-38 సంవత్సరముల మధ్య దక్షిణ భారతమున ఆ ముండ్లకలుపును అణచుటకు వాటినే వదలిరి. కీటకముతో కలుపును అదుపు చేసిన తొలి విజయములలో ఇది యొకటి. చెక్కిళ్లకు రంగునీయలేని పురుగు ఈ విధముగ రైతునకు మేలు చేసినది.

నునుపైన విషము

వర్ణకము ఎంత మేలైనదైనను, పొడిగ పూసినచో చర్మముపై చక్కగ నిలువదు. చెమటకు చెదరును, ముడుతలలో పేరుకొనును. 16వ శతాబ్దమునుండి 18వ శతాబ్దమువరకు ఐరోపాలోని సంపన్నులు అనేకులు ముఖమునకు సఫేదాను, చెక్కిళ్లకు ఇంగిలీకమును పూసికొనిరి. మొదటిది సీసపు కార్బొనేటు. రెండవది పాదరసపు సల్ఫైడు.

సఫేదా విషమని ఎరిగినవారు ఆ కాలముననే లేకపోలేదు. అయినను దానిని విడువకపోవుటకు కారణము దాని గుణములోనే కలదు. అది నూనెలో మెత్తగ కలియును, చర్మమును అంటిపట్టుకొనును, పలుచని పూతతోనే మచ్చలను కప్పును. చక్కగ పరచుకొను గుణమే దాని ఆకర్షణ. సీసము శరీరమున కొంచెము కొంచెముగ చేరి, నరములను, రక్తమును, మూత్రపిండములను దెబ్బతీయును. లండనులో అందమునకు పేరుపొందిన కావెంట్రీ ప్రభువు భార్య మరియా, 30 ఏండ్లు నిండకమునుపే 1760లో మరణించినది. ఆమె పూసికొను సీసపు పూతలే దానికి కారణమని పలువురు చెప్పుకొనిరి.

వర్ణకము తనంతట పరచుకొనవలెనని కోరినంతకాలము ఈ చిక్కు విడలేదు. పరచు పనిని వేరొక పదార్థమునకు అప్పగింపవలసి యుండెను.

తేనెమైనము, నూనె, నీరు

ఆ పదార్థపు తొలిరూపము చాల పాతది. క్రీ. శ. 2వ శతాబ్దమున రోములో వైద్యము చేసిన గేలెన్ తేనెమైనమును, ఆలివు నూనెను కరగించి, అందు గులాబినీటిని చిలికి లేపనము చేసెనని ప్రసిద్ధి. పూసినపుడు నీరు ఆవిరియై చల్లదనమిచ్చుటచే దానికి కోల్డు క్రీము అను పేరు వచ్చినది. దానికి రెండు లోపములుండెను. నిలువయుంచినచో నీరు విడిపోవును, నూనె కనరెక్కును.

ఈ లోపములను 19వ శతాబ్దపు రసాయనశాస్త్రము తీర్చినది. వెలిగారము చేర్చినచో, అది తేనెమైనములోని ఆమ్లములతో కలిసి ఒక విధమగు సబ్బు నిచ్చును. ఆ సబ్బు నూనెను, నీటిని విడిపోకుండ పట్టియుంచును. వృక్షతైలములకు బదులుగ పెట్రోలియమునుండి వచ్చు ద్రవపారఫిన్ కనరెక్కనిది. రాబర్ట్ చెస్‌బ్రో వాసెలీనునకు అమెరికాలో పేటెంటు పొందినది 1872లో.

నాటకరంగమునుండి తెరకు

1873లో బెర్లినునందు లుడ్విగ్ లైక్నర్ కొవ్వు, మైనము, వర్ణకములతో చేసిన కడ్డీలను నటులకై అమ్మ మొదలిడెను. నాటకశాలలో చివరి వరుసవానికి కనబడునట్లు దట్టముగ పూయుట అవసరము. అదే పూత సినిమా కెమెరా ముందు బిరుసుగ కనబడి, నటుడు నవ్విన వెంటనే పగుళ్లు చూపెను. పోలండులో పుట్టి అమెరికా చేరిన మాక్స్ ఫాక్టర్ 1914లో కడ్డీకి బదులు మెత్తని క్రీమురూపమున సినిమా పూతను సిద్ధపరచెను. అది పలుచగ పరచుకొని, ముఖముతోపాటు కదలెను.

వ్రేలి క్రింద జరుగునది

నేటి క్రీము రూజులో మైనపు స్ఫటికములు నూనెలో ఒకదానికొకటి తగిలి వలవలె అల్లుకొని యుండును. కాబట్టి డబ్బాలో అది గట్టిగ కనబడును. వ్రేలితో రుద్దినపుడు ఆ వల చెదరి, వ్రేలి వేడిమికి మరికొంత మెత్తబడి, పదార్థము జారును. రాపిడి ఆగినంతనే తిరిగి చిక్కబడును. రంగు పొడిని మరల మధ్య ముందుగ బాగుగ నూరుదురు. లేనిచో రేణువులు ముద్దలు కట్టి చారలు తీయును.

పారదర్శకమైన పూతలో మందము రెట్టింపైనచో కాంతిని పీల్చు శక్తియు రెట్టింపగును. ఒక్కమారుగ ఎక్కువ పూసినచోట మరక పడుటకు ఇదియే కారణము. కావున మిక్కిలి కొద్దిగ తీసికొని, చెక్కిలి నడుమ వ్రేలితో తట్టి, అంచులను మాత్రము వెలుపలికి పరచవలెను. చాలనిచో మరియొకమారు పూయవచ్చును. ముఖమునకు పౌడరు ముందే వేసినచో, అది క్రీములోని నూనెను పీల్చుకొని పూతను మచ్చలుగ ఆపివేయును. అందుచే ముందు క్రీము, పిదప పౌడరు అను క్రమము ఏర్పడినది.

పరచు పనిని క్రీము వహించినందున, పరచుకొను గుణమునకై విషవర్ణకమును ఆశ్రయించు అవసరము తొలగినది. చట్టము కూడ తోడైనది. భారతదేశమున 1940నాటి ఔషధముల చట్టము 1962 సవరణతో సౌందర్యసాధనములకు విస్తరించినది. రంగుకై సీసమును, ఆర్సెనిక్‌ను వాడుట నిషిద్ధము. అనుమతి పొందిన రంగులలో మలినముగనైనను సీసము పది లక్షల భాగములకు 20 భాగములు మించరాదు; ఆర్సెనిక్ 2 భాగములు మించరాదు.

చెక్కిలిపై పూయు ఎరుపు సన్నని పొర మాత్రమే. దానిని నునుపుగ పరచుటకును, నిరపాయముగ చేయుటకును వైద్యుడు, రసాయనవేత్త, నటుడు, శాసనకర్త అందరును తలయొక చేయి వేయవలసివచ్చినది.