నది మలుపున బొంతల సంఘము

పాతచీరలను పొరలుపొరలుగా పేర్చి, అంచులు మడిచి, పసిపాపలను పరుండబెట్టుటకును చలిరాత్రులు కప్పుకొనుటకును మన యిండ్లలో ముదుసలులు కుట్టు బొంత యెట్టిదో యెఱిగినవారికి, అమెరికా దక్షిణభాగమునందలి అలబామా రాష్ట్రములో, విల్కాక్స్ కౌంటీ నల్లజాతి స్త్రీలు కుట్టిన బొంతల చరిత్ర పరాయిదిగా తోచదు.

అలబామా నది మూడువైపుల చుట్టి ప్రవహించుటచే ద్వీపప్రాయమైన గీస్ బెండ్ అను తావున 1816లో జోసెఫ్ గీ యనునతడు బానిసల చెమటతో ప్రత్తి పండించుటకు పూనుకొనెను. 1845లో ఆ భూమి మార్క్ పెట్‌వే వశమాయెను. దాస్యవిమోచనానంతరము కౌలురైతులై అచ్చటనే నిలిచిన కుటుంబములలో పెక్కు నేటికిని ఆ యజమాని యింటిపేరునే మోయుచున్నవి. 1932లో, అరువిచ్చు వర్తకుడు మరణింపగా, బాకీలు రాబట్టుటకై అతని భార్య పంపిన మనుష్యులు కంచరగాడిదలను, నాగళ్లను, తుదకు గాదెలలోని తిండిగింజలను గూడ తరలించుకొనిపోయిరి. ఆ శీతకాలమున రెడ్‌క్రాస్ వారు పంపిన పిండితో ఆ పల్లె ప్రాణము నిలుపుకొనెను.

ఇట్టి లేమిలో బొంత లేనిదే రాత్రి గడచెడిది కాదు. చినిగిన పనిబట్టలను, పిండిసంచులను, ఎరువుసంచులను విప్పి ఉతికి పైపొరకును అడుగుపొరకును వాడి, నడుమ ప్రత్తిని కఱ్ఱలతో కొట్టి పఱచి, చట్రమునకు బిగించి, నలుగురును చుట్టు కూర్చుండి స్తోత్రగీతములు పాడుచు కుట్టెడివారు. పైపొర కూర్పు మాత్రము ఎవరిది వారిదే. నడుమ నొక చదరమును నిలిపి దానిచుట్టును పట్టీలు కలుపుచు పోవు కూర్పునకు ‘ఇంటికప్పు’ అని అర్థమిచ్చు పేరు కలదు. ఆ ఒక్క కూర్పునే ఎందఱు కుట్టిరో అన్ని విధముల రూపొందించిరి. 1942లో మిస్సోరీ పెట్‌వే అను నామె మరణించిన భర్త పొలముబట్టలను కత్తిరించి, ఆయనను తలచుకొనుటకును ఆ ప్రేమ క్రింద ఒదిగి పరుండుటకును ఒక బొంత కుట్టుకొనెను. ఎండకు వెలిసి, వానకు నాని, దున్నిన చేల మన్ను పట్టిన ఆ గుడ్డకంటె ఆ యిల్లాలికి వేఱు స్మారకచిహ్నమేల?

1965 ఆరంభమున, నల్లవారే అధికసంఖ్యాకులైన ఆ కౌంటీలో, ఓటర్ల పట్టికయందు నల్లవారి పేరొక్కటియు లేదు. ఓటు నమోదునకై పోవలసిన, నదికావల నున్న కౌంటీ కేంద్రము కామ్డెన్‌కు దాటించు బల్లకట్టును 1962లోనే నిలిపివేసిరి. అది మరల నడచినది 2006లో. ఓటు నమోదునకు పోయిన కుటుంబములను భూస్వాములు ఏండ్ల తరబడి నివసించిన గుడిసెలనుండి వెడలగొట్టిరి. 1965 డిసెంబరులో ఆ కౌంటీ దారిన పోవుచున్న ఫ్రాన్సిస్ వాల్టర్ అను క్రైస్తవ మతగురువు దండెముపై ఆరవేసిన మూడు బొంతలను చూచి నిలిచిపోయెను. ఒక్కొక్కటి పది డాలర్లకు కొన్ని బొంతలు సేకరించి ఆయన న్యూయార్కులో వేలము వేయించెను. 1966 మార్చిలో 60 మందికి పైగా స్త్రీలు కామ్డెన్‌లోని చర్చిలో సమావేశమై ‘ఫ్రీడం క్విల్టింగ్ బీ’ అను సహకారసంఘమును స్థాపించిరి. ఇరుగుపొరుగువారు కలిసి ఒకరి పనిని ముగించు కూడికకు అచ్చటివారు ‘బీ’ యందురు. దానికి ‘స్వేచ్ఛ’ యను మాటను చేర్చుటలోనే ఆ స్త్రీల తెగువ కనబడుచున్నది.

ఎస్టెల్ విదర్‌స్పూన్ అను నామె కార్యనిర్వాహకురాలై రెండు దశాబ్దములకు పైగా ఆ సంఘమును నడపెను. వచ్చిన లాభముతో వారు 23 ఎకరముల నేల కొని, అందు కొన్ని భాగములను నిరాశ్రయులైన కుటుంబములకు ఇండ్లు కట్టుకొనుటకై అమ్మిరి. 1969లో మార్టిన్ లూథర్ కింగ్ పేరిట కుట్టుశాల వెలసినది. పనికి వచ్చు తల్లుల బిడ్డలకై శిశుసంరక్షణ కేంద్రమేర్పడినది. నిన్న వెడలగొట్టబడిన వారే నేడు పొరుగువారికి నిలువ నీడ చూపిన ఈ సాయమును దానమనుటకు నాకు మనసొప్పదు. అందు చేయి చాచినవారును చేయి అందించినవారును ఒక చట్రముచుట్టు కూర్చున్నవారే.

ఈ సంఘపు వ్యాపారమునకు మూల్యమును లేకపోలేదు. పట్టణపు దుకాణములవారు ఒకే కొలత, ఒకే కూర్పు, సమానమైన కుట్లు కోరిరి. తోచినట్లు రంగులు పేర్చు చేతులకు నమూనాకాగితము సంకెల వంటిదాయెను. ఆ స్త్రీలు తమ కళను అమ్ముకొని కూలి సంపాదించిరని బాధపడుటకు వారి ఆకలి నెఱుగని మనకు హక్కు లేదు గాని, ఆ లోటు మాత్రము నిజము.

1972లో సియర్స్ అను దుకాణముల సంస్థ కార్డురాయ్ దిండుగలేబులకై ఆ సంఘముతో ఒడంబడిక చేసికొనెను. ఏండ్ల తరబడి ఒకే రకపు గలేబులను కుట్టిన ఆ స్త్రీలు, మిగిలిన పేలికలను, బంగారురంగువి, ఆకుపచ్చవి, ఇటుకరంగువి, సంచులలో ఇంటికి తెచ్చుకొని, రాత్రులందు ఏ నమూనాయు లేకయే కోసి, జోడించి, తమకై ఇంటికప్పు బొంతలు కుట్టుకొనిరి. 2012లో సంఘము మూతపడినది. ఆ కార్డురాయ్ బొంతలలో కొన్ని చిత్రశాలల గోడలపై వ్రేలాడుచున్నవి.