చిటికెడు పసుపుకు 32 సాక్ష్యాలు

కత్తిపీట మీద కూర తరుగుతుండగా వేలు తెగితే మన ఇళ్లలో మొదట వినిపించే మాట, "పసుపు అద్దవే!" పోపుల పెట్టెలోంచి చిటికెడు తీసి తెగినచోట అద్ది, రక్తం ఆగేదాకా గట్టిగా నొక్కి పట్టుకుంటారు. ఈ వైద్యం ఎవరు కనిపెట్టారని మనం ఏనాడూ అడగలేదు. అమెరికాలో మాత్రం 1995లో దానికి హక్కుదారులు పుట్టుకొచ్చారు.

ఆ ఏడాది మార్చి 28న అక్కడి పేటెంటు కార్యాలయం 5,401,504 నంబరుతో ఒక పేటెంటు మంజూరు చేసింది. పసుపుతో గాయాలు మాన్పడమే అందులోని ఆవిష్కరణ! పొడిని పైన అద్దినా, లోపలికి ఇచ్చినా ఆ పద్ధతిపై హక్కు మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానిదే. కనిపెట్టామన్న ఇద్దరు పరిశోధకులూ భారత సంతతివారే.

రఘునాథ్ మషేల్కర్ సారథ్యంలోని శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్‌ఐఆర్) 1996 అక్టోబరులో దీన్ని సవాలు చేసింది. అయితే అప్పటి అమెరికా చట్టానికి పరాయి దేశపు వాడుక ఒక్కటే సరిపోదు, అది అచ్చులో కనిపించాలి. కోట్ల మంది అమ్మమ్మల అనుభవం అక్కడ చెల్లలేదు. మనవాళ్లు గ్రంథాలయాలు గాలించారు. సంస్కృత, ఉర్దూ, హిందీ గ్రంథాలు, 1953లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో అచ్చయిన వ్యాసం, అన్నీ కలిపి 32 ఆధారాలు ముందుంచారు. 1997 ఆగస్టులో ఆ పేటెంటు చెల్లదని తీర్పు వచ్చింది.

ఆ పాఠంతోనే 2001లో సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయానికి పునాది పడింది. మన వైద్య గ్రంథాల్లోని యోగాలను ఇంగ్లిషు, ఫ్రెంచి, జర్మన్, జపనీస్, స్పానిష్ భాషల్లోకి మార్చి పేటెంటు పరిశీలకులకు అందుబాటులో ఉంచుతున్నారు.

పసుపు గుణాన్ని ప్రయోగశాల కూడా పరీక్షించింది. దాని రంగుకు మూలమైన కర్కుమిన్‌ను 1815లోనే ఐరోపా శాస్త్రజ్ఞులు వేరు చేశారు. వాపును తగ్గించే గుణం దానికుంది. కానీ మింగిన కర్కుమిన్ ఒంటికి పట్టేది బహు తక్కువ. 1998లో బెంగళూరు పరిశోధకులు 2 గ్రాముల కర్కుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపరిన్, అంటే మిరియాల ఘాటులోని సారం, కలిపి ఇస్తే రక్తంలోకి చేరేది ఎన్నో రెట్లు పెరిగింది. దగ్గు పట్టినప్పుడు అమ్మ కాచే పాలలో ఆ మోతాదులు ఉండవు, జోడీ మాత్రం అదే: పసుపు, మిరియాలు. అలాగని లోతైన గాయానికీ, షుగరు రోగి పుండుకూ పసుపు అద్ది ఊరుకోకూడదు, డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

దుగ్గిరాల, నిజామాబాద్ పసుపు మార్కెట్లకు దేశమంతటా పేరుంది. జాతీయ పసుపు బోర్డు కూడా 2025 జనవరిలో నిజామాబాద్‌లోనే మొదలైంది. పంటకు బోర్డు వచ్చింది. మరి మన వంటింటి వైద్యానికి? అందులో చాలా భాగం ఇంకా పెద్దవాళ్ల నోటిమాటగానే ఉంది. పసుపును గెలిపించింది రాసిపెట్టిన కాగితం. ఈ ఆదివారం మీ అమ్మమ్మ పక్కన ఒక నోటు పుస్తకంతో కూర్చోండి. ఏ నొప్పికి ఏ దినుసు, ఎంత, ఎలా కలిపేదో ఆమె మాటల్లోనే రాసిపెట్టండి.