నిట్టాడిలో గండుచీమలు

గండుచీమలు కర్ర తినవు. ఇంగ్లీషు పేరును తెలుగు చేసి వీటినిప్పుడు వడ్రంగి చీమలంటున్నారు గనుక తింటాయని అనుకుంటాం. తినేవి చెదలు. చెద మట్టి గొట్టం కట్టుకుంటూ వస్తుంది, కర్రను మట్టితో నింపుతుంది. గండుచీమ గూడు మన దగ్గర ఎక్కువగా చెట్ల మొదళ్లలోనే ఉంటుంది. ఇంట్లో చేరిందంటే అక్కడ కర్ర అప్పటికే నాని మెత్తబడిందని లెక్క. అది తొలిచిన దారి శుభ్రంగా, నున్నగా ఉంటుంది. పొట్టు కింద రాలుతుంది. కాబట్టి చీమను తిట్టేముందు ఆ కర్ర ఎలాంటిదో, మన ఇంటికి ఎలా వచ్చిందో అడగాలి. ఆ ప్రశ్న మనల్ని 1882 దాకా తీసుకెళ్తుంది.

అంతకుముందు మన రంప, గూడెం కొండల్లో ఇల్లు కట్టాలంటే ముందు చెట్టును చూసేవారు. నిట్టాడికి వేగిసో, నల్లమద్దో, సండ్రో. పైనున్న తెల్ల కర్ర చెక్కేసి లోపలి చేవ మాత్రమే నిలిపేవారు. చెద నోరు పెట్టలేనిది ఆ చేవకే. భూమిలో దిగే మొనను పైపైన కాల్చి నల్లబరిచి పాతేవారు. వెదురును వానలు వెళ్లాక నరికి, కొన్నాళ్లు నీళ్లలో నానబెట్టేవారు. అలా చేస్తే వెదురులో పిండిపదార్థం తగ్గుతుంది, పురుగు పట్టదు. ఇది మన తాతలు ఏ బడిలోనూ చదవలేదు. ఇక పొయ్యి పొగ రోజూ అటకను, వాసాలను తడి లేకుండా ఉంచేది. (ఆ పొగ మన ఆడవాళ్ల కళ్లనూ ఊపిరినీ తిన్నది కూడా. అది మళ్లీ రావాలని మేం కోరడం లేదు.)

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవి అని గీత గీశాక, ఆ గీత లోపల అనుమతి లేకుండా చెట్టు నరకడం నేరమైంది. పోడు కూడా నేరమే. దాని కథ అందరూ రాశారు, ఇంటి కర్ర కథ ఎవరూ రాయలేదు. చేవగల చెట్టు సర్కారు లెక్కలోకి పోయింది. మనకు మిగిలినది ఊరి పక్కన దొరికే లేత కర్ర, మెత్తని కర్ర. అలాంటి దూలం నాలుగు వానలకే నానుతుంది. చెద వస్తుంది, దాని వెనక గండుచీమ వస్తుంది. ఏళ్లు నిలవాల్సిన నిట్టాడిని మళ్లీ మళ్లీ మార్చాలి. మార్చాలంటే మళ్లీ అడవిలోకి దొంగలా వెళ్లాలి.

1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు వెంట మనవాళ్లు పడ్డారు. గూడెం రోడ్డు పనిలో వెట్టి, అడవి ఆంక్షలు ఆ కోపానికి కారణాలని అందరికీ తెలుసు. ఆ ఆంక్షల బరువు మోసినవాటిలో ఇంటి నిట్టాడి ఒకటని మా నమ్మకం.

2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్న అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది. మంచిదే. కలపను మాత్రం చేర్చలేదు. తడక కట్టుకోవచ్చు, దాన్ని మోసే గుంజ సంగతి అలాగే ఉంది. పట్టాలు అడిగినంత గట్టిగా గ్రామసభల్లో ఈ మాట మనం అడగలేదు.

ఈలోగా ఇల్లు కాపాడుకోవాలి కదా. చూరు నుంచి నీళ్లు ఎక్కడ కారుతున్నాయో ముందు వెతకాలి. తడి ఆగితే సగం పని అయినట్టే. గోడకు ఆనించి వంటచెరకు పేర్చొద్దు. ఇంటి మీదికి వంగిన కొమ్మ కొట్టేయాలి, చీమకు అదే వంతెన. కిరసనాయిలు పోస్తే పైనున్నవే చస్తాయి, గూడు బతికే ఉంటుంది, పైగా పూరిల్లు అంటుకుంటుంది. బెల్లం పాకంలో కాస్త బోరిక్ పొడి కలిపి, పిల్లలకూ కోళ్లకూ అందని చోట పెడితే చీమలే దాన్ని గూటికి మోసుకుపోతాయి. ఒక్క రోజులో తేలేది కాదు, వారాలు పడుతుంది. కొత్తగా నిలిపే గుంజను మట్టిలో పాతకుండా రాతి దిమ్మ మీద నిలపాలి.