చెట్టుకప్ప: ఏటూరునాగారం అడవుల్లో దాని చరిత్ర, ఆవాసం

చెట్టుకప్ప కొమ్మల మీద, ఆకుల చాటున, తొర్రల్లో కాలం గడుపుతూ గుడ్లు పెట్టే వేళకు మాత్రం నీటి ఒడ్డుకు చేరే ఉభయచర జీవి. ములుగు జిల్లాలోని ఏటూరునాగారం అడవులు మొదలుకొని తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో చాలాచోట్ల కనిపించే జాతిని భారతీయ చెట్టుకప్ప అంటారు. శాస్త్రీయ నామం పాలీపెడేటిస్ మాక్యులేటస్. ఉష్ణమండలపు చెట్టుకప్ప అనగానే మధ్య అమెరికా వానాడవుల్లోని ఎర్రకళ్ల పచ్చకప్ప బొమ్మ చాలామంది కళ్ల ముందు మెదులుతుంది. మన కప్ప అంత రంగులది కాదు, దాని అడవీ ఏడాది పొడవునా తడిగా ఉండదు. నెలల తరబడి వాన చుక్క ఎరగని ఆకురాల్చే అడవిలో అది బతుకు నిలుపుకుంది. అందుకు చెట్టు ఒక్కటే చాలదు. చెట్టు కింద సుమారు రెండు నెలలు నిలిచే నీరు కూడా ఉండాలి.

అడవి స్వరూపం

ఏటూరునాగారం అభయారణ్యం గోదావరి దక్షిణపు ఒడ్డున సుమారు 800 చదరపు కిలోమీటర్ల మేర పరచుకుంది. 1950ల తొలి ఏళ్లలో హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం దీన్ని అభయారణ్యంగా ప్రకటించింది. ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 2016లో జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోకి, 2019లో కొత్తగా ఏర్పడిన ములుగు జిల్లాలోకి వచ్చింది. టేకు, మద్ది, ఇప్ప, తునికి చెట్లు, వెదురు పొదలు ఇక్కడ విస్తారం. అటవీ శాస్త్రవేత్తల వర్గీకరణలో ఇది దక్షిణ ఉష్ణమండల శుష్క ఆకురాల్చు అడవి. మార్చి వచ్చేసరికి టేకు మోడువారుతుంది, రాలిన ఆకు నేలంతా గలగలలాడుతుంది, చిన్న వాగులు ఇసుక తేలతాయి. జూన్‌లో తొలకరి పడ్డాక అదే నేల చిత్తడిగా మారుతుంది. మేడారం మీదుగా పారే జంపన్నవాగు, అడవి మధ్య సాగే దయ్యాలవాగు, పల్లపు చోట్ల నిండే కుంటలు అప్పుడు కప్పలకు పుట్టిళ్లవుతాయి.

ఈ ప్రాంతపు నీటి చరిత్ర అడవి వాగులతో ఆగదు. కాకతీయుల కాలంలో, 13వ శతాబ్దంలో, రామప్ప, లక్నవరం, పాకాల వంటి చెరువులు కొండల నడుమ కట్టలు వేసి నిర్మించారు. అవి పంటల కోసం కట్టినవే అయినా, వాటి వెనక పల్లాల్లో, తూముల కింది తడి నేలల్లో వాన వెలిశాకా నీరు నిలిచే చోట్లు ఏర్పడ్డాయి. అలాంటి గుంటల మీదికి కొమ్మ వంగితే చెట్టుకప్పకు కావలసినవన్నీ అమరినట్టే.

శాస్త్రంలో చెట్టుకప్ప

ఈ జాతిని శాస్త్రలోకానికి పరిచయం చేసినవాడు బ్రిటిష్ జంతు శాస్త్రవేత్త జాన్ ఎడ్వర్డ్ గ్రే. మేజర్ జనరల్ థామస్ హార్డ్‌విక్ భారతదేశంలో చిత్రకారులతో గీయించిన జంతువుల బొమ్మల ఆధారంగా అచ్చయిన సంపుటాల్లో, 1830లో, గ్రే దీనికి ‘హైలా మాక్యులేటా’ అని పేరుపెట్టాడు. మాక్యులేటా అంటే మచ్చలు గలది. తొడల వెనక కనిపించే పసుపు మచ్చలు దీని గుర్తు. హైలా అన్నది అప్పట్లో యూరప్‌కు బాగా తెలిసిన చెట్టుకప్పల ప్రజాతి. రూపం చూసి గ్రే దీన్ని అందులోనే చేర్చాడు.

1838లో స్విస్ శాస్త్రవేత్త చుడి ‘పాలీపెడేటిస్’ అనే ప్రజాతిని ఏర్పరచాడు. 1890లో ‘ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా’ గ్రంథమాలలో ఉభయచరాల సంపుటి రాసిన జార్జ్ ఆల్బర్ట్ బూలెంజర్ దీన్ని రాకోఫోరస్ అనే ప్రజాతిలో ఉంచాడు. ఆ తర్వాత ఇది పాలీపెడేటిస్‌కు చేరింది. పేరు ఇన్ని చేతులు మారడానికి కారణం పోలిక. యూరప్, అమెరికా చెట్టుకప్పలదీ ఆసియా చెట్టుకప్పలదీ ఒకే వంశం కాదు. వేర్వేరు పూర్వీకుల నుంచి వచ్చి, చెట్టెక్కే బతుకు ఒకటే కావడంతో ఒకే రకం వేళ్లను, ఒకే రకం రూపును సంపాదించుకున్నాయి. మన చెట్టుకప్పల కుటుంబం రాకోఫోరిడే. 1869లో అచ్చయిన ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ మలయా ద్వీపాల యాత్రాగ్రంథంలో, వేళ్ల నడుమ పొరను గొడుగులా విప్పి చెట్టు మీంచి జారుతూ దిగే బోర్నియో కప్ప ఉంది. అది కూడా ఈ కుటుంబానిదే.

తెలుగు ప్రాంతానికి కప్పల శాస్త్రంలో సొంత స్థానం ఉంది. శాస్త్రవేత్త ఫెర్డినాండ్ స్టోలిచ్కా 1872లో వర్ణించిన ఒక చిన్న కప్పకు తొలి నమూనా దొరికింది ఏలూరులో. చెట్టు తొర్రల్లోనూ తలదాచుకునే ఆ కప్పను ఇప్పటికీ ఏలూరు చుక్కల కప్ప అంటారు. తూర్పు కనుమల నుంచి ఒక పొదకప్పను ఇంద్రనీల్ దాస్, ఎస్.కె. చందా 1998లో కొత్త జాతిగా ప్రకటించారు. 2008లో చేలమల శ్రీనివాసులు, ఇంద్రనీల్ దాస్ నల్లమల కొండల ఉభయచరాల, సరీసృపాల జాబితాను వెలువరించారు.

శరీర నిర్మాణం

మగ కప్ప నాలుగైదు సెంటీమీటర్లుంటుంది, ఆడది ఏడెనిమిది వరకు పెరుగుతుంది. ఒంటి రంగు లేత గోధుమ నుంచి ముదురు చెక్క రంగు దాకా మారుతూ ఉంటుంది. టేకు బెరడు మీద కదలకుండా కూర్చుంటే పక్కనే ఉన్నా పోల్చుకోవడం కష్టం.

ప్రతి వేలి కొసా చిన్న బిళ్లలా వెడల్పుగా ఉంటుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే ఆ బిళ్ల మీద తేనెపట్టులా ఆరు పలకల కణాలు, వాటి నడుమ సన్నని కాలువలు కనిపిస్తాయి. కాలువల్లో ఊరే జిగురు తడి బిళ్లకూ ఆకుకూ మధ్య పలచటి పొరగా పరుచుకుని పట్టునిస్తుంది. వేలి చివరి రెండు ఎముకల మధ్య అదనంగా ఉండే మృదులాస్థి వల్ల వేలు ఎటు వంగినా బిళ్ల చదునుగా ఆనుతుంది. సున్నం వేసిన గోడల మీద తరచూ కనబడడంతో ఇంగ్లిష్ దొరలు దీన్ని చునామ్ కప్ప అన్నారు.

ఏడాది చక్రం

వానలు కుదురుకున్నాక మగ కప్పలు నీటి ఒడ్డు పొదలకు చేరి, చిన్న చెక్కముక్కలు తట్టినట్టు టకటకమంటూ ఆడ కప్పలను పిలుస్తాయి. జత కుదిరాక నీటి మీదికి వంగిన ఆకునో, కుంట గట్టునో, తొట్టి అంచునో ఎంచుకుంటాయి. ఆడ కప్ప వదిలే ద్రవాన్ని వెనక కాళ్లతో గిలక్కొడితే అది మజ్జిగ మీది నురగలా పొంగుతుంది. గుడ్లు ఆ నురగలోనే పడతాయి. కొంతసేపటికి పైపొర ఆరి అట్టకడుతుంది, లోపల మాత్రం తడి నిలుస్తుంది. చేపలకు, నీటిపురుగులకు అందని ఎత్తులో, ఎండ సోకని పొత్తిలిలో వందలాది గుడ్లలో పిల్లలు ఎదుగుతాయి. కొద్ది రోజుల్లో నురగ అడుగు కరిగి, తోకపిల్లలు చినుకుల్లా ఒక్కొక్కటే కింది నీటిలోకి రాలతాయి. అక్కడ నాచు తింటూ పెరిగి, సుమారు రెండు నెలలకు కాళ్లు వచ్చి గట్టెక్కుతాయి. ఈలోగా కుంట ఎండితే ఆ ఏటి సంతానం పోయినట్టే.

వేసవి మరో పరీక్ష. కప్ప చర్మం నీటిని తేలిగ్గా వదిలేస్తుంది. అయితే భారతీయ చెట్టుకప్ప ఒంటి మీద జిడ్డు పదార్థాన్ని స్రవించి, కాళ్లూ చేతులతో తల నుంచి పొట్ట దాకా పులుముకుంటుందని 1997లో అచ్చయిన పరిశోధన తెలిపింది. తల్లి పసిబిడ్డకు నూనె రాసినట్టు కాలు వెనక కాలుతో ఒళ్లంతా తుడుచుకుని, ఆపైన కాళ్లు ముడిచి, కళ్లు మూసి, ఒంట్లో వీలైనంత తక్కువ భాగమే గాలికి తగిలేలా ముడుచుకుంటుంది. తొర్రలు, బెరడు సందులు, వెదురు బొంగులు ఆ రోజుల్లో దాని గూళ్లు. ఊరి దాపున ఉన్నవి స్నానాలగదుల్లోకి, నీళ్లకుండల చాటుకు చేరతాయి.

జనజీవితంలో కప్ప

రుగ్వేదంలోని మండూక సూక్తం వానకు మేల్కొనే కప్పలను కీర్తిస్తుంది. తెలుగు పల్లెల్లో వానలు ముఖం చాటేస్తే కప్పతల్లి ఆట ఆడతారు. రోకలికి వేపమండలతో పాటు కప్పను కట్టి ఇంటింటికీ తిరిగితే, ఇల్లాలు బిందెతో నీళ్లు పోస్తుంది. కప్ప గొంతు విప్పితే వాన వస్తుందన్న నమ్మకం అందులో ఉంది. నీరు వచ్చిన చోటే కప్ప కూయగలదన్న అనుభవమూ ఉంది.

ముప్పు, రక్షణ

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం జాబితాలో ఈ జాతి అంతగా ఆందోళన అవసరం లేని వర్గంలో ఉంది. జాతి మొత్తానికి అది ఊరట. కానీ ఒక కుంట పూడితే ఆ కుంటను నమ్ముకున్న కప్పలకు ఆ జాబితా ఆసరా కాదు. ఎండిన చెట్లను నరికేస్తే తొర్రలు పోతాయి. గట్టు చుట్టూ పొదలను శుభ్రం చేస్తే నురగగూడుకు కొమ్మ మిగలదు. పొలాల నుంచి పురుగుమందు కొట్టుకొస్తే మొదట దెబ్బ తినేవి తోకపిల్లలే. 2024 ఆగస్టు 31న తాడ్వాయి-మేడారం అడవిలో వీచిన పెనుగాలికి వేలాది చెట్లు కూలాయి. అలాంటి చోట మళ్లీ మొలిచే అడవిని కాపాడాలంటే మొక్కలతో పాటు వాటి నడుమ నిలిచే నీటినీ లెక్కలోకి తీసుకోవాలి.

చెట్టుకప్పను కాపాడడానికి పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. తొర్రలున్న ముసలి చెట్లను నిలబడనివ్వాలి. వానాకాలపు కుంటలను చదును చేయకుండా, వాటి మీదికి వంగిన నాలుగు కొమ్మలను నరకకుండా వదలాలి. శ్రావణంలో ఆ కొమ్మ ఆకుకు తెల్లటి నురగ వేలాడుతుంటే అందులోనే వచ్చే ఏటి కప్పలున్నాయని పిల్లలకు చూపించాలి.