పుదీనా కథ



పుదీనా అన్న మాట మనది కాదు, పారసీ భాషది. నిజాం రాజ్యంలో మొదట పారసీ, ఆపైన ఉర్దూ కచేరీ భాషలు. 1890లో పాలమూరు ఆరవ నిజాం పేరున మహబూబ్‌నగర్ అయింది. ఊరి పేరులాగే ఈ మాటా నల్లగొండ, పాలమూరు వంటిళ్ళలో నిలిచిపోయింది.

1920లో హైదరాబాదులో హకీం మొయిజుద్దీన్ ఫారూఖీగారు మొదలుపెట్టిన జిందా తిలిస్మాత్ మీకు తెలిసిందే. అందులో నీలగిరి తైలం, కర్పూరం, వాము పువ్వుతోపాటు పిప్పరమెంటు పువ్వూ ఉంటుంది. పుదీనా జాతి మొక్కల్లో ఉండేది అదే. చలిని గుర్తించే నరాలను తాకుతుంది కనుక, ఒళ్ళు చల్లబడకపోయినా చల్లగా తోస్తుంది.

జొన్నరొట్టెలోకి పచ్చడి, ఎండాకాలం మజ్జిగలో నాలుగాకులు, కడుపుబ్బరానికి గ్లాసెడు కషాయం – ఇంతవరకు సరే. కాని పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటే పుదీనా నీళ్ళతో కాలక్షేపం చేయకండి. ఓ.ఆర్.ఎస్. తాగిస్తూ డాక్టరుకు చూపించండి. పిప్పరమెంటు పువ్వు కలిసిన మందేదీ పసివాళ్ళ ముక్కు దగ్గర రాయకండి. ఊపిరి పట్టేసే ప్రమాదం ఉంది.

అన్నట్టు, ఆకులు దూసుకున్నాక కాడలు పారేయకండమ్మా. కుండీలో గుచ్చి, తడి ఆరకుండా చూడండి. కొద్దిరోజుల్లో చిగురిస్తాయి.