గడువు మీరిన పుస్తకం: కృష్ణా డెల్టా గ్రంథాలయ చరిత్రలో ఒక ప్రశ్న

ఆలస్య రుసుము సామాజిక అసమానతకు ఒక రూపమని 2019 జనవరిలో అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ తీర్మానించింది. అదే ఏడు షికాగో, 2021లో న్యూయార్క్ ఆ రుసుమును ఎత్తివేశాయి. ఆంధ్ర గ్రంథాలయోద్యమం ఈ సమస్యను మరోవైపు నుంచి చూసింది. పాఠకుడు రాలేకపోతే పుస్తకమే వెళ్లాలన్నది దాని పట్టుదల. 1935లో పాతూరి నాగభూషణం కాలువపై నడిపిన పడవ గ్రంథాలయంలో గడువును పాఠకుని క్రమశిక్షణ కన్నా పడవ రాకపోకలే ఎక్కువగా నిర్ణయించి ఉండాలి. అది పడమటి డెల్టా ముచ్చటే అయినా, కాలువలతో బతికిన బందరు, గుడివాడ ప్రాంతాలకు పరాయిది కాదు.

1960 చట్టంతో గ్రంథాలయం శాసనబద్ధమైంది. ఇంటిపన్నుపై సెస్సు నేడు రూపాయికి 8 పైసలు. అంటే పన్ను కట్టే కుటుంబం పుస్తకానికి ముందే వెల చెల్లిస్తోంది. ఆపైన సభ్యత్వ డిపాజిట్, దానిపైన జరిమానా. జరిమానా అందరికీ ఒకటే; బరువు మాత్రం ఒకటి కాదు. నాట్ల రోజుల్లో కూలికి పోయే దివిసీమ విద్యార్థికీ, బందరులోని ఉద్యోగికీ గడువు తేదీ ఒకే అర్థాన్నివ్వదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో ఇల్లే కొట్టుకుపోయిన పాఠకుణ్ణి గడువు గురించి అడగడమెలా?

పోగొట్టిన పుస్తకానికి వెల వేరు, ఆలస్యానికి శిక్ష వేరు. మన చర్చల్లో ఈ రెండూ తరచూ కలిసిపోతున్నాయి. శిక్ష లేకుంటే పుస్తకాలు తిరిగిరావన్న భయం సహజమే. కానీ రద్దు తర్వాత షికాగోలో ఏనాటివో బాకీ పుస్తకాలు పెద్దసంఖ్యలో తిరిగొచ్చాయి. ఇక్కడ మాత్రం జరిమానా కన్నా ముందు సవరించవలసింది, గుమ్మంలోనే అడ్డుపడే డిపాజిట్.