మచిలీపట్నం జ్ఞానస్నానాలు (1852): చట్టం ఇచ్చినది, ఇవ్వలేనిది

1843లో మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ నెలకొల్పిన ఆంగ్ల పాఠశాల ప్రధానంగా అగ్రవర్ణ బాలురకు ఉద్దేశించినది. వర్ణభేదాన్ని మన్నించిన ఆ విధానం మిషనరీల విమర్శకు కూడా గురైంది. బైబిలు పాఠాన్ని తల్లిదండ్రులు సహించారు. చదువుకు అది చెల్లించవలసిన మూల్యమని భావించి ఉండవచ్చు. 1852లో విద్యార్థులు మంచాల రత్నం, ఐనాల భూషణం జ్ఞానస్నానం పొందగానే ఆ సహనం ముగిసింది. బడి దాదాపు ఖాళీ అయింది.

అంటే సమాజానికి నిర్ణాయకమైనది విశ్వాసం కాదు, ఆ సంస్కారం. బైబిలు చదివినంతకాలం ఆ యువకులు ఇంటివారే. జ్ఞానస్నానంతో వెలి అయ్యారు. 1850 నాటి 21వ చట్టం మతం మారినవారి వారసత్వ హక్కును కాపాడింది గాని, సహపంక్తిని, పితృకర్మాధికారాన్ని తిరిగి ఇప్పించగల శక్తి దానికి లేదు. ఇద్దరూ అనంతరం ఆంగ్లికన్ సంఘంలో గురుపట్టం పొందారు.